గృహరక్షణము: రాత్రి వేయు బీగము



రాత్రి పదిగంటలకు మన ఇండ్లలో జరుగు తుదిపని యేది? వంటయిల్లు తుడిచి, పాలు తోడువేసి, పిల్లలకు దుప్పట్లు కప్పిన పిదప ఇల్లాలు వీధితలుపు గడియ బిగించును. వరండా యినుపకటకటాలకు బీగము తగిలించును. మిద్దెమెట్ల తలుపునకు మరియొక బీగము వేయును. బీగపుచెవుల గుత్తిని దిండు క్రిందనో, బీరువా సొరుగులోనో దాచి పండుకొనును. ఇల్లు భద్రముగా నున్నదన్న తలంపుతో నిద్ర పట్టును. నేనును పదునాలుగేండ్లు ఈ విధముగనే చేసితిని. ఈ నెల నేను వ్రాయదలచినది ఆ బీగమును గూర్చియే.

దొంగభయము లేదని నేననను. తిరుపతివంటి యాత్రాస్థలమున క్రొత్తవారు నిత్యము వచ్చుచు పోవుచు నుందురు. కావుననే కిటికీలకు కమ్ములు, వరండాకు కటకటాలు, మిద్దెపైకి ఇనుపతలుపు, ఒకటి వెంట నొకటిగా మన ఇండ్లకు వచ్చి చేరినవి. అవి దొంగ లోనికి రాకుండుటకు ఎంత అడ్డమో, మనము వెలుపలికి పోవుటకును అంతే అడ్డము. ఈ రెండవ సంగతి నాకు తట్టుటకు చాలకాలము పట్టినది.

2022వ సంవత్సరము సెప్టెంబరు నెలను మన ప్రాంతమువారు మరువలేరు. 21వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, చిత్తూరు పట్టణమున రంగాచారి వీధిలో నొక మిద్దెయింట నిప్పు పుట్టెను. క్రింద కాగితపు పళ్ళెములు తయారుచేయు చిన్న పరిశ్రమ, పైన నివాసము. తండ్రియు, కుమారుడును, ఆ రాత్రి వారియింట నున్న కుమారుని స్నేహితుడును, ముగ్గురును మరణించిరి. ఆ వార్త ఇంకను జనుల నోళ్ళలో నానుచుండగనే, 25వ తేదీ తెల్లవారుజామున, తిరుపతి జిల్లాలోని రేణిగుంటలో మరియొక ఇల్లు అంటుకొనెను. అచ్చటను క్రింద వైద్యశాల, పైన కాపురము. ఇంటి యజమానియైన వైద్యుడును, ఆయన ఇద్దరు బిడ్డలును దక్కలేదు. ఇంటనున్న ఇద్దరు స్త్రీలను అగ్నిమాపకదళమువారు వెలుపలికి తెచ్చి కాపాడిరి.

నాలుగు దినముల యెడముతో రెండు సంసారములు. పత్రిక చదివి కంటనీరు పెట్టుకొంటిమి; "అయ్యో, పసిబిడ్డలు" అని ఇరుగుపొరుగులతో నాలుగు పూటలు చెప్పుకొంటిమి. ఆ రాత్రి యథాప్రకారము బీగములు వేసి, గుత్తిని దిండు క్రింద పెట్టుకొని పండుకొంటిమి. ఇది నా యొప్పుకోలు.

ఆ రెండు ఇండ్లకును గల సామ్యమును చూడుడు. నిప్పు పుట్టినది క్రింద, మనుష్యులు పండుకొన్నది పైన, కాలము నిద్రవేళ. పట్టణములలో క్రింద అంగడియో, గిడ్డంగియో, పనిచోటో ఉంచి, పైన కాపురముండు ఇండ్లు ఇప్పుడు లెక్కకు మించియున్నవి. ఇట్టి యింటికి సాధారణముగా ఒకటే మెట్లదారి. పొగకు స్వభావము పైకి పోవుట. క్రింద నిప్పు పుట్టగనే ఆ మెట్లదారియే పొగగొట్టమగును. మనము దిగిపోవలసిన దారిననే పొగ ఎక్కి వచ్చును.

నిప్పన్న కాలి చనిపోవుదుమని మనమనుకొందుము. ఇండ్లు కాలునపుడు మంట చేరకమునుపే పొగ ప్రాణము తీయుట తరచుగా జరుగుచున్నది. అందు కార్బన్ మోనాక్సైడు అను వాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు కూర్చుండవలసిన పీటమీద అది ముందుగా వచ్చి కూర్చుండును. మనిషికి మొదట తలనొప్పి, పిదప మైకము, ఆ పిదప కాళ్ళు స్వాధీనము తప్పుట. లేచి నాలుగడుగులు వేసి తలుపు చెంతనే పడిపోవువారు ఇందుచేతనే పడిపోవుదురు. "పొగ వాసన వచ్చినచో మెలకువ రాదా?" యని మీరడుగవచ్చును. రాదు. గాఢనిద్రలో చెవి కొంత మేలుకొనియుండును గాని ముక్కు పూర్తిగా నిద్రించును. అందుచేతనే పొగను పసిగట్టి పెద్దగా కూసెడి చిన్న యంత్రములు, పైకప్పునకు బిగించునవి, అంగళ్ళలో అమ్ముచున్నారు. బ్యాటరీతో నడచును. మెట్లదారి పైకొసనొకటి, పడకగదుల వెలుపలనొకటి యుండిన చాలును. ఒక పట్టుచీరకు పెట్టు సొమ్ములో ఎన్నో వంతు కూడ కాదు.

ఇంటినుండి తప్పించుకొను దారిని గూర్చి నాకు మొదట బోధించినది ఏ అధికారియు కాదు, ఆదిపర్వము. లాక్షాగృహదహన ఘట్టమును చిన్ననాట మా తండ్రిగారివద్ద చదివినపుడు పురోచనుని దుర్మార్గమునే తలచితిని. ఇప్పుడు మరల చదివిన, విదురుని గృహజ్ఞానమే కనబడుచున్నది. వారణావతములోని ఆ ఇల్లు లక్కతోను, నేతితోను, జనుముతోను, సర్జరసముతోను కట్టినది. పాండవులు దానిని విడిచి పారిపోలేదు. పోయిన వేరొక యపాయము. అచ్చటనే యొక సంవత్సరము కాపురముండిరి. ఉండుచు ఏమి చేసిరి? విదురుడు పంపిన ఖనకునిచేత ఇంటినడుమనుండి సొరంగము త్రవ్వించిరి. దాని నోటిని నేలతో సమముగా పలకలతో కప్పించిరి. పగలు వేటనెపమున తిరిగి అడవిదారులు తెలిసికొనిరి. రాత్రులు ఏమరక యుండిరి. అనగా రెండవ దారి యేర్పరచిరి. ఆ దారి ఎచ్చటికి పోవునో చూచుకొనిరి. చీకటిలో పోవుటకు సిద్ధముగా నుండిరి. ఇల్లు కాలిననాడు క్రొత్తగా ఆలోచింపవలసినది వారికేమియు మిగులలేదు.

ఆ ఘట్టములోనే మనము తొందరగా దాటిపోవు మరియొక మాట యున్నది. ఆ రాత్రి కుంతీదేవి పెట్టిన విందునకు వచ్చిన నిషాదస్త్రీ ఒకతె తన ఐదుగురు కొడుకులతో ఆ ఇంటనే నిద్రించెను. ఆమెకు సొరంగము సంగతి తెలియదు. ఆ తల్లియు, ఆ ఐదుగురును కాలిపోయిరి. కథకు వారి శవములు పనికివచ్చినవి గనుక మనము ముందునకు పోవుదుము. ఆ తల్లి నాకు కొంతకాలముగా నిద్రపట్టనీయకున్నది. అందులకు కారణము చివర చెప్పెదను.

మన ఇండ్లు లక్కయిండ్లు కావని సంతోషింపకుడు. మా అవ్వగారి యూరిలో బోదకప్పు కొట్టములుండెడివి. చైత్రవైశాఖములలో ఒక కొట్టము అంటుకొనెనా, ప్రక్కకొట్టపు కప్పును తామే లాగి పడవేసి నిప్పునకు ఎడము కల్పించెడివారు. ఆ యిల్లు మండును గాని, నాలుగువైపుల తెరపియే. బయటపడుటకు బీగమడ్డము లేదు. ఇప్పటి మిద్దెయింటి గోడలు కాలవు, నిజమే. ఆ గోడల నడుమ మనము నింపినదేమి? స్పాంజి పరుపులు, పాలియెస్టరు తెరలు, ప్లాస్టిక్కు కుర్చీలు, నైలాను చీరలు. వీనికన్నింటికిని మూలము రాతినూనెయే. స్పాంజి పరుపు మండిన వచ్చు నల్లనిపొగలో సయనైడు జాతి విషము కూడ నుండును. నులకమంచముమీద చాప పరచుకొని పండుకొన్న మా అవ్వకు ఈ బాధ లేదు. పరుపులు పారవేయుడని నేను చెప్పుటలేదు. నాకును నడుమునొప్పి కలదు. లక్కయింటిలో నున్నామని తెలిసి యుండుమని మాత్రమే చెప్పుచున్నాను.

గడచిన శ్రావణమాసములో ఒక రాత్రి మా యింట పరీక్ష పెట్టితిమి. మావారు గడియారము పట్టుకొని హాలులో నిలిచిరి. దీపములన్నియు ఆర్పి, ఎవరి పడకలమీద వారము పండుకొంటిమి. ఆయన పళ్ళెముమీద గరిటెతో కొట్టినంతనే లేచి వీధిలోనికి పోవలెనని యేర్పాటు. పళ్ళెము మ్రోగెను. నేను గుత్తి తీసికొని కటకటాలకడకు పరుగెత్తితిని. గుత్తిలో పదునొకండు చెవులున్నవి. వానిలో మూడు ఏ బీగమునకు సంబంధించినవో ఇంతవరకు ఎవరికిని తెలియదు. చీకటిలో ఒక్కొక్కదానిని దూర్చి చూచుచుండగా గుత్తి చేయిజారి కమ్ముల వెలుపల పడెను. మా చిన్నపిల్ల శబ్దమునకు బెదరి మంచము క్రింద దూరెను. పేరు పెట్టి పిలిచినను పలుకలేదు. మా అత్తగారు లేచి కూర్చుండి, కండ్లజోడు ఎక్కడనున్నదని వెదకుచుండిరి. అందరము వీధిలో నిలుచునప్పటికి నాలుగు నిమిషములు దాటినవి. మావారు బడిపంతులు గనుక మార్కులు వేయక మానలేదు: నూటికి సున్న.

అది నవ్వులాట. నిజముగా పొగ నిండినచో నాలుగు నిమిషములెక్కడివి?

మరునాడు గుత్తిని విప్పితిని. కటకటాల బీగపుచెవిని వేరుచేసి, ఎఱ్ఱదారము కట్టి, తలుపు ప్రక్కగోడకు లోపలివైపున, పిల్లల చేతికి కూడ అందునంత యెత్తున మేకుకు తగిలించితిని. మా అత్తగారికి ఇది నచ్చలేదు.

"ఏమమ్మాయీ, బీగం వేసి చెవి పక్కనే తగిలిస్తే ఆ బీగం ఎందుకు? దొంగ చెయ్యి పెట్టి తీసుకోడూ?"

"కమ్ముల్లోంచి చెయ్యి అందని చోట కొట్టినాను అత్తమ్మా. మీరే బయటినుంచి చూడండి."

ఆమె నిజముగనే వెలుపలికి పోయి, కమ్ముల సందున చేయి దూర్చి, తరువాత ఊతకఱ్ఱను దూర్చి చూచిరి. కఱ్ఱకు మేకు అందెను. మేకును మరి రెండుమూరలు లోనికి మార్చితిమి. దొంగనుగూర్చి ఆమె పడిన శంక వ్యర్థము కాలేదు. ఈ చోటు కుదుర్చుట ఆమె పుణ్యమే.

రెండవ దారి మాట. మా వీధిలో మిద్దెలు ఒకదానినొకటి తాకియుండును. పొరుగింటి అక్కగారితో మాటాడి, ఇరువైపుల పిట్టగోడకు చెరియొక పొట్టిపీట వేసియుంచితిమి. వారికి ఆపద వచ్చిన మా మిద్దెమీదికి, మాకు వచ్చిన వారి మిద్దెమీదికి. మిద్దెతలుపు చెవి కూడ ఇప్పుడు ఆ తలుపు ప్రక్కనే యుండును. విడిగానున్న ఇండ్లవారు, పై అంతస్తుల నివసించువారు, ఒక్క కిటికీకైనను కమ్ములచట్రము తెరచుకొనునట్లు మడతబందులతో చేయించి, లోపల చిలుకు పెట్టించుకొనవచ్చును. ఇనుపపనివానికి ఇది ఒకపూట పని. అద్దె ఇండ్లవారు యజమానినడుగుటకు జంకుదురు. అడుగుడు. ఆయన ఇల్లును మిగులవలెను గదా.

పిల్లలకు మొదట నేర్పవలసినది దాగుకొనరాదని. పసిబిడ్డలకు భయము పుట్టిన మంచము క్రిందికో, బీరువాలోనికో దూరుట సహజము. అగ్నిమాపకదళమువారు పొగలో వారిని వెదకి కనుగొనుట కష్టము. పొగ కనబడిన నిలువక, ప్రాకిపోవలెను. మంచిగాలి నేలకు దగ్గరగా నుండును. తడిగుడ్డ ముక్కునకు కట్టుకొనిన మసి కొంత ఆగునే గాని విషవాయువు ఆగదు. కావున గుడ్డ తడుపుటకై స్నానాలగదికి పరుగెత్తి కాలము పోగొట్టుకొనరాదు. మూసిన తలుపును ముందు చేతివెనుకభాగముతో తాకవలెను. వేడిగా నున్నచో తెరువరాదు. ఆ గదిలోనే యుండి, తలుపు సందులలో దుప్పట్లు కుక్కి, కిటికీయొద్ద నిలిచి కేకవేయవలెను. రాత్రివేళ పడకగది తలుపులు మూసి పండుకొనుట మేలు. మామూలు కొయ్యతలుపే యైనను నిప్పును, పొగను కొన్ని నిమిషములు ఆపును.

వెలుపలికి వచ్చినవారందరు ఒకచోట చేరవలెను. మాకు వీధి మొగనున్న కానుగచెట్టు. తలలు లెక్కపెట్టకపోయినచో, బయటనే యున్న బిడ్డకొఱకు తల్లి మరల లోనికి దూకును. రెండవమారు పరీక్షలో మేము ఒకటిన్నర నిమిషములో చెట్టుక్రిందికి చేరితిమి. అత్తగారి కండ్లజోడు ఇప్పుడు మేకునకే తగిలించి యుండును. ఆమెను చేయిపట్టి తెచ్చుట పెద్దపిల్ల వంతు, చిన్నపిల్ల నా వంతు. వంతులు చెప్పకున్నచో అందరును ఒకరినే పట్టుకొందురు.

వంటయింటి సంగతి పలుమారులు చదివియుందురు గనుక క్లుప్తముగా వ్రాసెదను. గ్యాసు గాలికంటె బరువు. కారిన పైకి పోక, నీటివలె నేలమీద పరచుకొని గట్టుక్రింద నిలుచును. వాసన రాగానే స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు కూడ; ఆర్పునపుడును రవ్వ పుట్టును. రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరచి, వెలుపలికి పోయి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. రబ్బరుగొట్టమును ఐదేండ్లకొకమారు, పగులు కనబడిన అంతకుముందే, మార్చవలెను. పండుకొనుటకు ముందు రెగ్యులేటరు కట్టుట బీగము వేయుటవంటిదే.

బాణలిలో నూనె మండిన నీళ్ళు పోయుట మహాపరాధము. నీరు బరువు గనుక నూనె అడుగునకు దిగును. ఆ వేడికి ఒక్క క్షణమున పదునేడు వందల రెట్ల ఆవిరియై, మండుచున్న నూనెను గాలిలోనికి ఎగజిమ్మును. పొయ్యి కట్టి, మూకుడు ప్రక్కనుండి జరిపి కప్పిన చాలును. పిమ్మట మూత తీసి చూడరాదు, బాణలిని కదల్పరాదు. తిరుమలలో శ్రీవారి లడ్డూలకు బూందీ వేయు పోటులో, నేతిజిడ్డు గోడలకు పట్టి పొయ్యిమంటకు అంటుకొనుట పలుమారులు జరిగినది. తుదకు 2021లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు క్రొత్త బూందీపోటు కట్టించి, వేడినూనె గొట్టములచేత కాగు పొయ్యిలు పెట్టించిరి. స్వామివారి వంటయింటికే తప్పని జిడ్డు మన చిమ్నీజల్లెడకు తప్పునా? నెలకొకమారు వేడినీటిలో నానవేసి కడుగుడు.

మరియొక క్రొత్తయపాయము వచ్చినది. 2022 ఏప్రిలులో విజయవాడయందు ఒకరు విద్యుత్తు స్కూటరు బ్యాటరీని పడకగదిలో ఛార్జికి పెట్టి నిద్రించిరి. తెల్లవారుజామున అది ప్రేలి గృహస్థు మరణించెను. భార్యకు తీవ్రముగా కాలినది. ఇట్టి బ్యాటరీ నిద్రవేళ ఛార్జి కారాదు; మెట్లక్రింద, గడపచెంత అసలే కారాదు. మనము పోవు దారి అదే గదా.

కాలినచోట పంటిపేస్టు, సిరా, పసుపు, నేయి పూయువారిని ఇప్పటికిని చూచుచున్నాను. కొళాయి క్రింద ఇరువది నిమిషములు చల్లని నీరు పారనిండు, మంచుగడ్డ వలదు. వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు తీసివేయుడు. చీరకు అంటుకొనిన పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను. చెంతనున్నవారు కంబళి కప్పవలెను. పిమ్మట 108.

ఇంటి పని ఇంతవరకు. వీధి పని మరియొకటి గలదు. 2023 జూన్ 16వ తేదీన తిరుపతిలో గోవిందరాజస్వామివారి ఆలయసమీపమున పటములచట్రములు చేయు అంగడి కాలినది. కొయ్య, రంగులు, కాగితము. ఎంత మంట లేచియుండునో ఊహించుకొనుడు. ఆ వీధులలో నడచినవారికి వాని వెడల్పు తెలియును. ఫైరింజను పోవలసిన దారిలో మనము నాలుగు మోటారుసైకిళ్ళు, ఒక కారు నిలుపుదుము. పండుగకు పందిరి వేసి గుంజలు పాతుదుము. 101కి గాని 112కి గాని ఫోను చేయునపుడు "మా ఇల్లు కాలుచున్నది" అనుటతో సరిపోదు. ఊరు, వీధి, దగ్గరి గుడియో బడియో గుర్తు, ఏ అంతస్తు, లోపలెందరు, ఇవి చెప్పవలెను. ఒకరు వీధి మొగను నిలిచి బండికి దారి చూపవలెను. మా వీధి స్త్రీలము ఆరుగురము ఈ సంఖ్యలను, ఇంటిగుర్తులను అట్టమీద వ్రాసి ఫోను ప్రక్కన అంటించుకొంటిమి. తొందరలో సొంతవీధి పేరే నోట రాదని ఎవరైనను పరీక్షించి చూడవచ్చును.

ఏటేట ఏప్రిల్ 14వ తేదీ మొదలు వారముదినములు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1944లో ఆ దినమున బొంబాయి రేవులో ఓడ ప్రేలినపుడు మరణించిన 66 మంది అగ్నిమాపకసిబ్బంది స్మరణార్థమది. ఆ వారమున వారు బడులకును, కాలనీలకును వచ్చి మంట ఆర్పు విధానము చేసి చూపుదురు. స్త్రీల సమాజములవారు ముందుగా ఉత్తరము వ్రాసి పిలువుడు. ఇంటిలో గోడకు వ్రేలాడు ఎఱ్ఱని గొట్టమును ఎట్లు విప్పవలెనో నాకు తెలిసినది అట్టి యొక సభలోనే. అంతకుముందు మూడేండ్లు దానికి దుమ్ము మాత్రము తుడిచితిని.

నిషాదస్త్రీ మాట చెప్పెదనంటిని. తిరుపతిలో కాపురమున్నవారి యింట చుట్టము లేని నెల యుండదు. శ్రీవారి దర్శనమునకు వచ్చువారు, పుట్టువెండ్రుకలు తీయించువారు, రాత్రి రైలు దిగి తెల్లవారి కొండ ఎక్కువారు హాలులో చాపలు పరచుకొని వరుసగా పండుకొందురు. మన పిల్లలు చీకటిలోనైనను తలుపును తడవి పట్టుకొందురు. వచ్చినవారికి స్నానాలగది ఎటో కూడ తెలియదు. వారు మన అన్నము తిని, మనలను నమ్మి నిద్రించువారు. చిత్తూరులో చనిపోయిన ఆ స్నేహితుని తలచినప్పుడెల్ల నాకు ఈ చాపల వరుస కనబడుచుండును.

పోయిన నెల మదనపల్లెనుండి మా పెద్దాడబిడ్డగారు పిల్లాపాపలతో ఏడుగురు వచ్చిరి. భోజనములైన పిదప నేను వంటయింట గిన్నెలు సర్దుచుండగా హాలులోనుండి మా అత్తగారి కంఠము వినబడెను. తొంగి చూచితిని. ఆమె ఊతకఱ్ఱతో గోడను చూపుచు, మనుమలను వరుసగా నిలిపి చెప్పుచుండిరి.

"ఎర్రదారం చూసినారా? అది ఈ తలుపుది. పైన మిద్దెతలుపుది అక్కడే ఉంటుంది. పళ్ళెం మోగితే మంచం కింద దూరేది లేదు. ఏదీ, నువ్వు కళ్ళు మూసుకోని తీసి చూపించు."